చల్లగాలి తగలకముందే

2023 మార్చి మూడో వారంలో కురిసిన రాళ్లవానకు తెలంగాణలో 2 లక్షల 28 వేల ఎకరాలకు పైగా పంట దెబ్బతిన్నదని ప్రభుత్వం లెక్క తేల్చింది. అందులో సగానికి మించి, 1 లక్షా 29 వేల ఎకరాలు, మక్కజొన్నే. వరి 72 వేల ఎకరాలు, మామిడి దాదాపు 9 వేల ఎకరాలు. మార్చి 23న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో దెబ్బతిన్న పొలాలు తిరిగి చూశారు. మహబూబాబాద్ జిల్లాలో ఆయన వెళ్లింది పెద్దవంగర మండలం రెడ్డికుంట తండాకు. ఎకరానికి 10 వేల రూపాయల సాయం ప్రకటించి, అది కౌలు రైతులకు కూడా అందాలన్నారు.

అదే జిల్లాలో, వరంగల్–ఖమ్మం రోడ్డు మీద తొర్రూరుకూ మరిపెడకూ నడుమ ఉంటుంది దంతాలపల్లి. 2016లో జిల్లాల పునర్విభజనప్పుడు మండల కేంద్రమైంది. పాలేరు వాగు, చెరువులు, బోర్లు, కాలువ నీళ్లు. వరి, మిరప, మక్క, పత్తి. ఇక్కడి రైతుకు జనవరి నుంచి మే దాకా పంట చేతికొచ్చే కాలం. రాళ్లవాన కాలం కూడా సరిగ్గా అదే. 2022 జనవరి రెండో వారంలో ఉమ్మడి వరంగల్ జిల్లా నర్సంపేట, పరకాల వైపు మిరప తోటలు పోయింది ఆ రాళ్లకే. 2023లో మార్చి దెబ్బ నుంచి తేరుకోకముందే ఏప్రిల్ నెలాఖరులో మళ్లీ వానలు పడి, కొనుగోలు కేంద్రాల్లో పోసిన వడ్లు తడిశాయి.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఒక్కటే. మబ్బును ఆపే శక్తి మనకు లేదు. మబ్బు ముంచుకొచ్చిన పది నిమిషాల్లో మంచి నిర్ణయం తీసుకునే శక్తి కూడా మనకు చాలా తక్కువ. కాబట్టి ఆ నిర్ణయం ఎండ కాసే రోజున, ఇంటిల్లిపాదీ కూర్చుని, తీసుకుని పెట్టుకోవాలి.

రాయి ఎక్కడ పుడుతుంది?

భయం తగ్గాలంటే ముందు సంగతి తెలియాలి. ఐరోపా, ఉత్తర అమెరికా దేశాల్లో చల్లని గాలి వందల కిలోమీటర్ల పొడవున కదిలివచ్చి, వెచ్చని గాలి కిందికి చొచ్చుకుపోతుంది. ఆ అంచును శీతల వాతాగ్రం అంటారు. ఆ అంచు పొడవునా ఉరుములు, వడగళ్లు. మన దక్కను దాకా అలాంటి వాతాగ్రం సాధారణంగా దిగిరాదు. ఆ పని ఇక్కడ వేరే దారిలో జరుగుతుంది. చలికాలం నుంచి ఎండాకాలం మొదటి దాకా ఉత్తర భారతం మీదుగా వెస్టర్న్ డిస్టర్బెన్సులు సాగుతుంటాయి. వాటి ప్రభావం దక్షిణానికి సాగినప్పుడు ఐదారు కిలోమీటర్ల ఎత్తున చల్లని గాలి మన నెత్తి మీదికి వస్తుంది. కింద నేల అప్పటికే కాగి ఉంటుంది. బంగాళాఖాతం నుంచి తేమ గాలి, వాయవ్యం నుంచి పొడి గాలి వచ్చి తెలంగాణ మీద కలుసుకుంటాయి. విదర్భ నుంచి తమిళనాడు దాకా ద్రోణి కొనసాగుతోందని వార్తల్లో వింటామే, అది ఈ గాలులు కలిసే గీత.

కింద వేడి, తేమ. పైన చలి. ఈ తేడా ఎంత పెరిగితే గాలి అంత వేగంగా పైకి లేస్తుంది. అందుకే పొద్దంతా ఉక్కపోసి, మూడు దాటాక మబ్బు కమ్ముతుంది. ఆ మబ్బు పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాకా పెరుగుతుంది. వాతావరణ శాఖ దాన్ని క్యుములోనింబస్ అంటుంది. మన దగ్గర ఆ రోజుల్లో ఐదు కిలోమీటర్ల ఎత్తుకు అటూ ఇటూగా ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగుతుంది. అక్కడి నుంచి పైన కూడా నీటి బిందువులు చాలావరకు గడ్డకట్టకుండా నీళ్లుగానే ఉంటాయి. మంచు కణం తగిలితే చాలు, దాని మీద పేరుకుని బిగుసుకుంటాయి. లేచే గాలి మోయగలిగినంత సేపు రాయి పెరుగుతుంది, మోయలేనప్పుడు పడుతుంది. రెండున్నర నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల రాయి గంటకు 40 నుంచి 65 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. గాలి దుమారం తోడైతే ఆ వేగం ఇంకా ఎక్కువ. పాలు పట్టిన వరి వెన్ను, మామిడి పిందె, ఎర్రబడ్డ మిరపకాయ దానికి నిలవవు.

వడగళ్లకు మనుషులు చనిపోవడం అరుదు. అలాగని అసలు జరగనిదీ కాదు. 1888 ఏప్రిల్ 30న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ దగ్గర ఒకే రాళ్లవానకు 246 మంది చనిపోయారు. ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుల్లో వడగళ్లకు అతి ఎక్కువ ప్రాణనష్టం అదే. అయితే ఆ మబ్బు నుంచే దిగే పిడుగు ప్రతి ఏడూ వేల ప్రాణాలు తీస్తోంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. పోయే ప్రాణాల్లో చాలావరకు చేలల్లో, చెట్ల కింద ఉన్నవాళ్లవే. అందుకే ఈ అధ్యాయంలో ముందు మనిషి గురించి, ఆ తర్వాతే పంట గురించి మాట్లాడుకుందాం.

చల్లగాలి సుఖం కాదు, హెచ్చరిక

ఏప్రిల్ ఎండకు ఒళ్లు మాడిపోతున్నప్పుడు ఒక్కసారిగా చల్లని గాలి తగిలితే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. ఇంట్లో ఉన్నవాళ్లు కూడా బయటికి వచ్చి వేపచెట్టు కింద మంచం వేసుకుంటారు. ఆ గాలి ఎక్కడిదో తెలిస్తే ఎవరూ ఆ మంచం వేయరు.

మబ్బులో వాన, రాళ్లు కిందికి పడేటప్పుడు చుట్టూ ఉన్న గాలిని చల్లబరిచి తమతోపాటు లాక్కొస్తాయి. ఆ చల్లని గాలి నేలను తాకి నాలుగు దిక్కులకూ పరచుకుంటుంది. వానకన్నా ముందు మన ముఖానికి తగిలేది అదే. దుమ్ము లేపేదీ, రేకులు ఎగరేసేదీ అదే. దేశాల మీదుగా కదిలే శీతల వాతాగ్రం మన ఊరికి రాకపోయినా, ప్రతి గాలివానా తనకంటూ చిన్న వాతాగ్రాన్ని ముందు పంపుతుంది. అది తగిలిందంటే మబ్బు దగ్గరికి వచ్చేసినట్టే. మీ చేతిలో ఉన్నవి నిమిషాలు మాత్రమే.

ఆ రెండు నిమిషాలు

దంతాలపల్లిలోనే కాదు, యాసంగి వడ్లు ఆరబోసిన ఏ ఊళ్లో చూసినా సాయంత్రం పూట ఈ మాటలు వినిపిస్తాయి.

"బిడ్డా, ఉరుముతున్నది. ఇప్పుడు పోకురా."

"రెండు నిమిషాల్ల వస్తనే అమ్మా. పట్టా కప్పకుంటే వడ్లన్నీ తడుస్తయ్."

ఆ కొడుకు మొండివాడు కాదు. ఆరు నెలల కష్టం, తెచ్చిన అప్పు, తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరన్న భయం, అన్నీ కలిసి ఆ క్షణంలో అతన్ని బయటికి తోస్తున్నాయి. పోయేది కళ్ల ముందు కనిపిస్తున్నప్పుడు మనసు దాన్ని పట్టుకోవడానికే పరుగెడుతుంది. ప్రాణానికి ముప్పు కంటికి కనిపించదు, వడ్ల కుప్ప కనిపిస్తుంది. అతనికి ఆ నిమిషంలో బుద్ధి చెప్పి లాభం లేదు. చెప్పాల్సింది, చేయాల్సింది అంతకు ముందే.

పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో ప్రచురించిన వ్యాసంలో ఒక సులువైన పద్ధతి గురించి రాశారు. "జాగ్రత్తగా ఉంటాను" అని అనుకునే మనిషికన్నా, "ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను" అని ముందే ఖాయం చేసుకున్న మనిషి ఆ పనిని నిజంగా చేసే అవకాశం ఎక్కువ. కారణం, గుర్తు కనిపించగానే పని దానంతటదే మొదలవుతుంది. అప్పటికప్పుడు మనసుతో వాదించుకోవాల్సిన అవసరం ఉండదు. దంతాలపల్లి రైతుకు ఈ పద్ధతి అచ్చంగా పనికొస్తుంది. కింది నాలుగు మాటలు మీ ఇంట్లో ఖాయం చేసుకోండి.

మొదటి మాట: ఉరుము వినిపిస్తే పని ఎక్కడికక్కడ ఆపి లోపలికి వస్తాను

ఉరుము చెవికి వినిపించిందంటే పిడుగు మిమ్మల్ని చేరగల దూరంలోనే ఉంది. వాన ఇంకా మొదలు కాకపోయినా సరే. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి. ప్రతి మూడు సెకన్లకు దూరం సుమారు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపు వినిపిస్తే అప్పటికే ఆలస్యమైందని అర్థం.

మన ఇళ్లలో ఉరిమినప్పుడు పిల్లలతో అర్జునుడి పది పేర్లు చెప్పించే అలవాటు ఉంది. విరాటపర్వంలో ఉత్తరుడికి అర్జునుడు చెప్పుకున్న పేర్లవి. ఆ అలవాటును వదలొద్దు, దాన్నే లెక్కగా వాడండి. మెరుపు మెరవగానే సెకనుకు ఒక పేరు చొప్పున అర్జున, ఫల్గుణ, పార్థ అంటూ మొదలుపెట్టించండి. పదో పేరు ధనంజయ దాకా రాకముందే ఉరిమితే పిడుగు మూడున్నర కిలోమీటర్ల లోపలే పడింది. అయితే ఆ పేర్లు ఇంట్లో కూర్చుని చెప్పుకోవాలి, చెట్టు కింద నిలబడి కాదు.

లోపల అంటే ఏది? గోడలు, స్లాబు ఉన్న ఇల్లు, బడి, రైతు వేదిక. తలుపులు, అద్దాలు మూసిన కారు, బస్సు కూడా పర్వాలేదు. కాపాడేది దాని లోహపు ఒళ్లే, రబ్బరు టైర్లు కాదు. నాలుగు స్తంభాల మీద రేకులు వేసిన షెడ్డు, తాటాకు పాక, ట్రాక్టరు, మోటారు సైకిలు, చెరువు గట్టు పనికిరావు. ఒంటరి తాటిచెట్టు, చింతచెట్టు అన్నిటికన్నా ప్రమాదం. ఇంట్లోనూ నల్లా కింద చేతులు కడగడం, వైరు తగిలించిన ఫోను పట్టుకోవడం, టీవీ ప్లగ్గు పీకడం ఆ సమయంలో వద్దు. స్టార్టరు డబ్బా దగ్గరికి అసలే పోవద్దు.

చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి రండి. వాన తెరిపి ఇచ్చింది కదా అని పొలానికి బయల్దేరితే, వెళ్తున్న మబ్బు అంచు నుంచి కూడా పిడుగు పడుతుంది.

ఎవరికైనా పిడుగు తగిలితే వాళ్లను ముట్టుకోవడానికి భయపడొద్దు. వాళ్ల ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు. 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకుండా పడి ఉంటే ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. పిడుగుకు ఆగిన గుండె ఇలా మళ్లీ కొట్టుకునే అవకాశం ఉంది.

రెండో మాట: మధ్యాహ్నం మబ్బు లేస్తే పశువులను చెట్టు కింద కట్టను

ఒక్క పిడుగుకు చెట్టు కింద ఐదారు గొర్రెలు, బర్రెలు ఒకేసారి చనిపోయిన వార్తలు ఏటా చదువుతాం. పిడుగు వాటిలో ప్రతి దాని మీదా పడదు. చెట్టు మీద పడిన కరెంటు వేళ్ల నుంచి నేలలోకి పాకుతుంది. పశువు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ నడుమ దూరం ఎక్కువ కాబట్టి ఒక కాలిలోంచి ఎక్కి గుండె మీదుగా మరో కాలిలోంచి దిగుతుంది. ఉరుముల కాలం నడిచినన్ని రోజులు మధ్యాహ్నం మూడింటికల్లా పశువులను కొట్టానికి తోలండి. కొట్టం లేనివాళ్లు ఒంటరి చెట్టుకు, కరెంటు స్తంభానికి, ముళ్ల కంచె తీగకు దూరంగా కట్టండి.

మూడో మాట: పట్టా సాయంత్రం కప్పుతాను, మబ్బు ఉన్నా లేకున్నా

ఆ కొడుకు ప్రాణం నిలబెట్టేది ఈ మాటే. ఉరుమినప్పుడు కప్పాల్సిన పట్టా ఉంటే మనిషి పరుగెడతాడు. ముందే కప్పి ఉంటే పరుగెత్తే పని లేదు.

కొనుగోలు కేంద్రంలో తడిసిన కుప్పను ఒకసారి దగ్గరగా చూడండి. పైన వడ్లు ఎండుగానే ఉంటాయి. అడుగున జానెడు మందం నీరు పీల్చుకుని, మూడో రోజుకు తెల్లటి మొలకలు కనిపిస్తాయి. చాలామంది పైన కప్పుతారు, కింద వదిలేస్తారు. వాన నీళ్లు నేల మీదుగా పారి అడుగు నుంచి ఎక్కుతాయి. కాబట్టి వడ్లు కాస్త ఎత్తున్న జాగాలో పోయండి. కింద కూడా పట్టా పరవండి. కుప్ప చుట్టూ పారతో బెత్తెడు లోతు కాలువ తీసి, నీళ్లు పల్లానికి పోయేలా దారి ఇవ్వండి. పై పట్టా అంచులను కుప్ప కిందికి మడిచి, వాటి మీద నింపిన బస్తాలు పెట్టండి. చిన్న రాళ్లు పెడితే గాలి దుమారానికి పట్టా లేచిపోతుంది. పట్టాలు చాలకపోతే ఎండ రోజునే కేంద్రం వాళ్లను అడగండి. వాన రోజు అందరికీ కావాలి.

మిరప కల్లంలోనూ అంతే. ఆరబోసిన కాయను పొద్దు గుంకక ముందే కుప్ప చేసి కప్పడం రోజువారీ పని కావాలి. ఒక్కసారి తడిస్తే రంగు పోయి తాలు అవుతుంది. తాలు ధర మంచి కాయ ధరకు దరిదాపుల్లో ఉండదు.

ఇంకా ముందుకు ఆలోచించే వాళ్లు నాటు దగ్గరే జాగ్రత్త పడతారు. నిజామాబాద్ వైపు బోధన్, బాన్సువాడ ప్రాంతాల్లో యాసంగి నాట్లు ముందే వేసి, మిగతా జిల్లాలకన్నా ముందే కోతలు ముగిస్తారు. ఏప్రిల్ గాలివానలు వచ్చేసరికి వాళ్ల వడ్లు చాలావరకు అమ్ముడై ఉంటాయి. తక్కువ కాలంలో వచ్చే రకం, త్వరగా నారు, ఈ రెండూ మీ నీటి వసతికి కుదురుతాయేమో మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను అడిగి చూడండి.

నాలుగో మాట: పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి సూచన చూస్తాను

హైదరాబాద్‌లోని వాతావరణ కేంద్రం రోజూ జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తుంది. పసుపు రంగు ఉంటే కనిపెట్టి ఉండాలి, నారింజ ఉంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు ఉంటే వెంటనే కదలాలి. మూడు గంటల ముందు ఇచ్చే తక్షణ సూచనలు వేరే ఉంటాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతున్నాయేమో చూపిస్తుంది. ఇంట్లో చదువుకునే పిల్లలకు ఈ బాధ్యత అప్పగించండి. మబ్బు పశ్చిమాన లేచిందా, తొర్రూరు వైపు ఉరుముతున్నదా అని చూసే పెద్దల కన్నూ, ఫోను చూసే పిల్లల కన్నూ రెండూ కావాలి.

వాన వెలిశాక

రాళ్లవాన వెలిసిన పొలాన్ని చూసి గట్టు మీద కూలబడటం సహజం. కూర్చోండి, ఏడవండి. కానీ ఆ మర్నాటి పొద్దు మాత్రం వృథా చేయొద్దు. మొదటి రెండు మూడు రోజుల్లో చేసే పనికే ఫలితం ఎక్కువ.

ముందు పొలంలో నిలిచిన నీళ్లు తీసేయండి. పడిపోయిన వరి కోతకు సిద్ధంగా ఉంటే గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద పిచికారీ చేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. నూర్చిన వడ్లు తడిసి, ఎండ లేకపోతే క్వింటాలుకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి ఉంచితే కొన్ని రోజులు చెడకుండా ఆగుతాయి. మిరప, మక్క తోట ఇంకా నిలిచి ఉంటే 13-0-45 ఎరువు లీటరుకు 10 గ్రాముల చొప్పున ఆకుల మీద కొడితే మొక్క తేరుకుంటుంది. గాయాల్లోంచి తెగులు ఎక్కకుండా ఏ మందు కొట్టాలో వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551కి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు.

తర్వాత కాగితం పని. కేంద్ర నిబంధనల ప్రకారం పంట నష్టం 33 శాతం, అంతకు మించి ఉంటేనే సాయం లెక్కలోకి వస్తుంది. కాబట్టి రాళ్లు కరగకముందే, రాలిన గింజ కనిపించేలా, పొలం హద్దులు తెలిసేలా ఫోటోలు తీయండి. తేదీ, సర్వే నంబరు, ఎకరాలు ఒక కాగితం మీద రాసి విస్తరణ అధికారికి ఇవ్వండి. సీజను మొదట్లో పంట నమోదులో మీ పంట ఎక్కిందో లేదో చూసుకోండి. నమోదు లేని పంటకు నష్టం రాయించడం చాలా కష్టం. కౌలు రైతులు ఆ నమోదు నాడే తమ పేరు గురించి పట్టుబట్టి మాట్లాడాలి. పశువు చనిపోతే పాతిపెట్టక ముందే పశువుల డాక్టరుకు, తహసీల్దారు కార్యాలయానికి చెప్పండి. పట్టాదారు పాసుపుస్తకం ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతులకు 2018 ఆగస్టు నుంచి రైతు బీమా ఉంది. మరణం ఏ కారణం వల్ల జరిగినా, పిడుగు పడినా సరే, కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందుతాయి. నామినీ పేరు సరిగా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.

ఇది దయ కోసం చేయి చాచడం కాదు. ఊరికి అన్నం పెట్టే మనిషి తన హక్కును అడుగుతున్నాడు. మొహమాటం వద్దు.

మీ తప్పు కాని దానికి మిమ్మల్ని మీరు శిక్షించుకోవద్దు

పంట పోయిన ఇంట్లో మూడో నాటికి మాటలు మారతాయి. "నాలుగు రోజుల ముందే కోయిస్తే సరిపోయేది గద" అని ఒకరు, "మిరప వద్దంటే వింటివా" అని ఒకరు. వాన ఆడిన ఆటకు ఇంట్లో మనుషులు ఒకరినొకరు దోషులను చేసుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్లు ఆ మాటలను మొదటి రోజే ఆపాలి. ఏ కోత ఏ రోజున చేయాలో ఆ రోజుకు తెలిసిన సంగతులతోనే నిర్ణయిస్తాం. తర్వాత వచ్చిన మబ్బును చూపించి ఆ నిర్ణయాన్ని తప్పనడం న్యాయం కాదు.

అప్పు ఇచ్చినవాళ్లు వచ్చేదాకా చూడకుండా మీరే ముందు వెళ్లి గడువు అడగండి. నిద్ర పట్టకపోయినా, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ అది, ఏ వేళలోనైనా పలుకుతారు. పక్కింటి రైతు మూడు రోజులుగా గడప దాటలేదని గమనిస్తే, "అన్నా, పా, పొలం దాక పోయొద్దాం" అని మీరే చెయ్యి పట్టుకోండి. అంతకు మించిన మందు చాలాసార్లు ఉండదు.

ఈ వారం సాధన

ఒక సాయంత్రం అన్నం తిన్నాక ఇంటివాళ్లందరూ కూర్చోండి. ఈ నాలుగు మాటలను మీ సొంత మాటల్లో ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. ఉరిమితే ఎవరెవరు ఎక్కడ ఉండాలి, పశువులను ఎవరు తోలాలి, పట్టాలు ఎక్కడున్నాయి, ఫోను ఎవరు చూడాలి, పేర్లతో సహా రాయండి. చివర ఒక వాక్యం పెద్ద అక్షరాలతో రాయండి: ఉరుము మొదలయ్యాక వడ్ల కోసం ఎవరూ బయటికి పోరు. తల్లి సంతకం పెట్టాలి, కొడుకు సంతకం పెట్టాలి, కోడలూ పెట్టాలి.

తడిసిన వడ్లను ఎండబెట్టుకోవచ్చు, పోయిన పంటను వచ్చే వానాకాలం మళ్లీ వేసుకోవచ్చు. మనిషి పోతే ఆ ఇంటికి వానాకాలం లేదు, యాసంగి లేదు. ఆ కాగితం ఈ రాత్రే రాయండి.